ఫోనునకుఁ దాళమేల?

విదేశములందుఁ జదువఁబోవు మన విద్యార్థులు కొందఱు నెలసరి యొప్పందముపై ఫోను పుచ్చుకొని, వెల యీయనక్కఱ లేకపోయెనని సంతసింతురు. ఆ వెల నెలనెలా బిల్లులోనే కలిసియుండును! వాయిదాల వర్తకము నెఱిఁగిన తల్లిదండ్రులకిది వింత గాదు. చేత రొక్కము లేనివానికది యుపకారమేయని మేమొప్పుకొందుము. కాని యితర కంపెనీల సిమ్ము పనిచేయకుండ ఫోనునకుఁ దాళము వేయుట మాకు సమ్మతము గాదు. సొమ్మంతయుఁ జెల్లించువాని సొత్తుపై నమ్మినవానికేమి యధికారము? కెనడాయందు 2017 డిసెంబరు 1వ తేది మొదలు, బ్రిటనునందు 2021 డిసెంబరు మొదలు అట్టి ఫోనులను విక్రయింపరాదని నియంత్రణాధికారులు శాసించిరి. అమెరికా పోవువారు మాత్రము తాళము గలదో లేదో యడిగి కొనవలయును.

తాళము లేని ఫోను కొని కంపెనీ మార్చువారు పాత కనెక్షనును ముందుగా రద్దుచేయరాదు, నంబరు పోవచ్చును. గడువునకు ముందే విడిచినచో మిగిలిన వాయిదాలు చెల్లింపవలసి రావచ్చును గాన, ఆ లెక్కయు ముందే చూచుకొనవలయును.