గద్వాల అని రాసేవారు నేసినవారి నంబరు కూడా రాయాలి



ఆన్‌లైన్ అమ్మకాలు, ఫోన్ చెల్లింపులు వచ్చాక చేనేతకు మంచి రోజులొచ్చాయని సభల్లో తరచూ వింటున్నాం. డబ్బు చేరే దారి బాగుపడిన మాట వాస్తవం. పేరు దోపిడీ కావడం కూడా అంతే వాస్తవం. ఆ రెండో సంగతి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2016లో ఫోన్ చెల్లింపుల వ్యవస్థ యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్దనోట్లు రద్దయి, మజూరీ డబ్బు చేతికందక నేతకారులు ఎంత అల్లాడారో గద్వాల, రాజోలి, అయిజ, అమరచింత వీధులకు తెలుసు. ఇవాళ అవే వీధుల నుంచి చీర ఫొటో వాట్సాప్‌లో వెళ్తోంది. వీడియో కాల్‌లో కొంగు విప్పి చూపిస్తున్నారు. బేరం కుదిరిన నిమిషంలో డబ్బు ఖాతాలో పడుతోంది. సావుకారు ఇచ్చిన నూలుతో మజూరీకి నేసేవాళ్లు కొందరైనా సొంతంగా ఒకటో రెండో చీరలు అమ్ముకుంటున్నారంటే అది ఈ సౌకర్యం చలవే.

ఇప్పుడు ఏదైనా పెద్ద అమ్మకాల యాప్ తెరిచి ‘గద్వాల’ అని వెతకండి. వెయ్యి రూపాయల లోపు చీరలు వరుసగా కనిపిస్తాయి. ఆ ధరకు గద్వాల చీర ఎలా వస్తుంది? నూలు ఒంటికి పట్టు అంచులు, పట్టు కొంగు కలపాలి. అంచు దగ్గర నూలు పేక, పట్టు పేక ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. ఆ కలయిక కోసం మూడు నాడెలు ఆడాలి, మగ్గం మీద సాయానికి ఇంకో మనిషి కూర్చోవాలి. కొంగు కోసం పట్టు పడుగును నూలు పడుగుకు పోగు పోగునా అతకాలి. ఇంతచేసి రోజులకు రోజులు నేస్తే ఒక చీర. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు పంపే ఊరి నేత ఇది.

మా బంధువుల్లో ఒకామె అలాంటి యాప్‌లోనే ‘గద్వాల పట్టు’ కొన్నది. వచ్చింది మరమగ్గం మీద నేసిన పాలిస్టర్. ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కిచ్చారు. ఆ చీర మాత్రం అదే పేరుతో అక్కడే అమ్మకానికి ఉంది. కొన్నవారికి నష్టం తీరింది. నేసినవారికి జరిగిన నష్టం ఎవరు తీర్చాలి?

చట్టాలు లేక కాదు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చి పుష్కరం దాటింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఆ పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు సరుకు ఏ దేశానిదో చూపమంటున్నాయి. ‘భారత్’ అని రాస్తే ఆ షరతు తీరిపోతుంది. కానీ గద్వాల చీర విలువంతా అది ఏ ఊళ్లో, ఏ మగ్గం మీద పుట్టిందన్న దాంట్లోనే ఉంది. ఆ ముక్క చెప్పమని అడిగేవారు లేరు. వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల్లో వేరుశనగకు గింజ చూడకుండా, తేమ చూడకుండా ధర కట్టరు. చీరకు పేరు పెట్టేముందు పరీక్ష ఉండనక్కర్లేదా?

చవక చీర కొనుక్కునేవారి మీద నాకు కోపం లేదు. రోజూ కట్టుకోవడానికి అదీ కావాలి. దాన్ని మరమగ్గం చీర అనే పేరుతోనే అమ్మమంటున్నాను. ‘మేం మధ్యవర్తులం, రాతలన్నీ అమ్మకందారువే’ అని యాప్‌ల వాళ్లు అంటారు. అమ్మిన ప్రతి చీర మీదా కమీషను తీసుకునేవారికి ఆ చీర పేరు మీద బాధ్యత ఉండదంటే ఎలా ఒప్పుకోవాలి?

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు నుంచి డిజిటల్ రూపాయిని సామాన్యుల చెల్లింపుల్లోనూ ప్రయోగిస్తోంది. ఒకప్పుడు గద్వాల, వనపర్తి సంస్థానాలు సొంత నాణేలు ముద్రించుకున్న నేల ఇది. కొత్త డబ్బును చూసి ఇక్కడివారు బెదరరు. అయితే డబ్బు ఏ రూపంలో వచ్చినా, అది నేసినవారి ఇంటికి రావాలంటే ముందు పేరు నిలబడాలి.

భౌగోళిక గుర్తింపు చట్టంలో ఒక్కో నేతకారుడు అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. అయిదొందలున్న నమోదు రుసుమును 2020లో పది రూపాయలకు తగ్గించారు. అయినా ఆ కాగితాలు నింపడం, చెన్నైలోని రిజిస్ట్రీకి పంపడం రోజంతా మగ్గం గుంతలో కూర్చునే మనిషికి తేలిక కాదు. చేనేత, జౌళి శాఖే మగ్గాలున్న ప్రతి ఊరికీ వచ్చి నమోదు చేయించాలి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాడు శాలువాలు కప్పడంతో ఆగకుండా, ఆ నమోదు పత్రాలు చేతికివ్వాలి. ఆ పత్రంలోని నమోదు నంబరు లేనిదే ‘గద్వాల’ అన్న మాటతో ఏ చీరా అమ్మకానికి పెట్టకుండా యాప్‌లను కట్టడి చేసే నిబంధన కేంద్రం తేవాలి. మా ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక చేనేత కుటుంబ సభ్యుడు,
రాజోలి, జోగులాంబ గద్వాల జిల్లా