‘కుక్కచావు’ అన్న మాట

తెలుగుభాషలో కుక్కకు దక్కిన గౌరవము చాల తక్కువ. ఒకరిని తిట్టవలెనన్నా కుక్కయే, హీనమైన బ్రతుకును చెప్పవలెనన్నా కుక్కయే. విశ్వాసమునకు మాత్రము దానినే ఉపమానముగా తెచ్చుకొంటాము. ఆ వెంటనే మరచిపోతాము. ఈ మాటలన్నింటిలోను కఠినమైనది ‘కుక్కచావు’. దిక్కు లేక, పలుకరించేవారు లేక, వీధిలో పోయే చావు అని దానికి అర్థము. ముప్పది యేండ్లుగా తరగతిలో జాతీయములు బోధిస్తూ ఈ మాటకు నేనును ఈ అర్థమే చెప్పినాను. గడచిన కొన్ని యేండ్లుగా ఆ మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు ఆగుతున్నది. ఎందుచేతనో చెప్పుటకే ఈ వ్యాసము.

2016 వర్షాకాలములో మా కళాశాల గేటు దగ్గర, సైకిళ్ళ షెడ్డు క్రింద, ఒక నాటుకుక్క పిల్ల తడిసి వణకుతూ కనిపించినది. ఇంటికి తెచ్చి ‘సరమ’ అని పేరు పెట్టినాను. తెలుగు మాస్టారి యింటి కుక్కకు అంతకంటె తగిన పేరేమున్నది? నన్నయ ఆదిపర్వములో, జనమేజయుని యాగశాలకు ఆడుకొనుటకు వచ్చిన కుక్కపిల్లను రాజుగారి తమ్ములు నిష్కారణముగా కొట్టినప్పుడు, రాజు ఎదుటికి వచ్చి నిలదీసిన తల్లి సరమ. అది దేవలోకపు కుక్క గనుక మాటలాడగలిగినది. మా సరమకు మాటలు లేవు. ఆ తేడా ఎంత పెద్దదో ఆరేండ్ల తరువాత గాని నాకు తెలియలేదు.

2022 ఆగస్టులో ఒకనాటి సాయంత్రము, నేను కాలేజీనుండి వచ్చే వేళకు గేటు దగ్గర ఎదురు చూడవలసిన కుక్క వరండాలో పడుకొని తోక మాత్రము కదిలించినది. పెరుగన్నము ముట్టలేదు. ఉక్కపోతకు అలా ఉన్నదిలే అనుకొన్నాము. మరునాడు మెట్లు ఎక్కలేక సగములో కూర్చున్నది. మూడవనాడు దాని మూత్రము చిక్కటి టీ డికాక్షను రంగులో ఉన్నదని మా యింటావిడ గుర్తించినది. పశువైద్యుడు దాని పెదవి ఎత్తి చూపించినాడు. గులాబిరంగులో ఉండవలసిన చిగుళ్ళు, సున్నము కొట్టిన గోడవలె, కొంచెము పసుపు డాలుతో ఉన్నవి. “ఎన్నాళ్ళనుండి ఇలా ఉన్నది, మాస్టారూ?” అని అడిగినాడు. నేను జవాబు చెప్పలేకపోయినాను. నిత్యము చేతితో నిమిరిన కుక్కయే. ఒక్కనాడైనా దాని పెదవి ఎత్తి చూడలేదు.

అతడు గాజుపలక మీద ఒక చుక్క రక్తము వేసి, ఉప్పునీరు కలిపి, అటు ఇటు వంచి చూపించినాడు. సమముగా కలిసిపోవలసిన రక్తము ఇసుకరేణువులవలె గుంపులు కట్టినది. ఆరోగ్యముగా ఉన్న కుక్క రక్తములో ఎఱ్ఱకణముల పాలు సుమారు నూటికి 37 నుండి 55 వరకు ఉంటుంది. సరమకు 13 ఉన్నది. ఈ జబ్బును వైద్యులు ‘ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలిటిక్ అనీమియా’ అంటారు. పేరు పొడుగే గాని, జరిగే పనిని మన సామెత మూడు మాటలలో చెబుతుంది: కంచె చేను మేయుట. బయటినుండి వచ్చే క్రిములను పట్టుటకు శరీరము తయారు చేసుకొనే ప్రతిరక్షకములు దారి తప్పి తన ఎఱ్ఱకణములకే అంటుకొంటవి. ఆ గురుతు పడిన కణములను ప్లీహములోను, కాలేయములోను ఉన్న రక్షకకణములు పరాయివిగా ఎంచి మ్రింగివేస్తవి. మామూలుగా నూరు రోజులు బ్రతుకవలసిన ఎఱ్ఱకణము ఈ జబ్బులో కొద్దిరోజులకే నశిస్తుంది. ఎముకలలోని మూలుగు ఎంత తొందరపడి క్రొత్తవాటిని పుట్టించినా ఆ నష్టమును పూడ్చలేదు.

శరీరము తన్ను తానే నాశనము చేసుకొనునా అని మనకు తోచే సందేహము పెద్దలకును కలిగినదే. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో జర్మనీ శాస్త్రజ్ఞుడు పౌల్ ఎర్లిక్, శరీరము అట్టి పనికి సహజముగా జంకుతుందని భావించినాడు. 1904 లో డోనాత్, లాండ్‌స్టైనర్ అనే ఇద్దరు, తన ఎఱ్ఱకణములను తానే నాశనము చేసుకొనే జబ్బు ఒకటి మనుష్యులలోనే ఉన్నదని చూపించినారు. 1945 లో ఇంగ్లండులో రాబిన్ కూంబ్స్, తన సహచరులతో కలిసి, ఎఱ్ఱకణములకు అంటుకొన్న ప్రతిరక్షకములను పట్టి చూపే పరీక్షను కనిపెట్టినాడు. నేటికిని గర్భిణులకు, పసిబిడ్డలకు అవసరమైనప్పుడు ఆ పరీక్షను చేస్తున్నారు. కుక్కలలో ఈ జబ్బును నిర్ధారణ చేయుటకును అది పనికివస్తుంది. విశేషమేమనగా ఈ కూంబ్స్ మొదట చదివినది పశువైద్యము. ‘కుక్కల వైద్యమా!’ అని చిన్నచూపు చూచేవారు ఈ సంగతి మనస్సులో ఉంచుకొనవలెను.

జబ్బు పేరు తెలిసిన రాత్రి మా యింట ఎవరమూ నిద్రపోలేదు. మా యింటావిడది ఒకటే మాట: “మిగిలిన ఉల్లిపాయ పులుసన్నము నేనే పెట్టినానండీ.” ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హాని చేస్తవన్నది నిజమే, అవియు ఎఱ్ఱకణములను చెడగొట్టును. కాని ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు అని వైద్యుడు నచ్చజెప్పినాడు. పిడుదుల కాటువలన వచ్చే బబీసియా అనే పరాన్నజీవి ఈ జబ్బును రేపవచ్చును. మన ప్రాంతములో పిడుదులకు కొదవ లేదు గనుక ముందుగా దానిని వెదకినారు, కనిపించలేదు. చాల కుక్కలలో కారణము దొరకనే దొరకదట. దోషి దొరకకపోతే మనస్సు తననే దోషిగా నిలబెట్టుకొంటుంది. ఇది ఇంట్లో రోగి ఉన్నవారందరికి తెలిసిన బాధయే. ఆ బాధవలన రోగికి ఒరిగేది మాత్రము ఏమియు లేదు. రోగికి కావలసినది మన పశ్చాత్తాపము కాదు, మన చేతులు.

మా వీధి చివరి యింటివారి లాబ్రడార్ కుక్క 34 కిలోల బరువు. ఆ యింటాయనతో మాకు ముఖపరిచయము మాత్రమే. సంగతి విని, “తీసుకోండి మాస్టారూ, మావాడికి నాలుగు రోజులు బాగా తిండి పెడితే సరి” అన్నాడు. రెండు కుక్కల రక్తములు పొసగునా లేదా అని పరీక్షించి, 400 మిల్లీలీటర్ల రక్తము తీసి సరమకు ఎక్కించినారు. కణముల పాలు 22 కు పెరిగినది. తప్పుదారి పట్టిన రోగనిరోధక శక్తిని అణచుటకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, రక్తము గడ్డకట్టకుండ మరొక మాత్ర వ్రాసినారు. ఈ జబ్బులో ప్రాణము తీసేది రక్తలేమి ఒక్కటే కాదు; ఊపిరితిత్తులలో అడ్డుపడే రక్తపు గడ్డలు అంతకంటె ప్రమాదము. మొదటి రెండు వారములు గండము.

స్టెరాయిడ్ మాత్రలతో కుక్కకు తీరని దాహము, తీరని ఆకలి. రాత్రి మూడుసార్లు లేచి బయటికి తీసుకొనిపోవలెను. ఆరేండ్లలో ఏనాడును ఇల్లు పాడుచేయని కుక్క, ఒకనాటి రాత్రి గదిలో తడిపి తల వంచుకొని మూలకు పోయి నిలిచినది. ఆ చూపు నేను మరువలేను. మా యింటావిడ ఒక నోటుపుస్తకము పెట్టినది. ఉదయము చిగుళ్ళ రంగు, నిద్రలో నిమిషమునకు ఎన్ని ఊపిరులు, మూత్రము రంగు, ఎన్ని గంటలకు ఏ మాత్ర — ఇవన్నీ దానిలో వ్రాసేది. నోరులేని రోగికి ఆ పుస్తకమే నోరు. వైద్యుడు మా మాటలకంటె ఆ పుస్తకమునే ఎక్కువగా నమ్మినాడు. ఆరు వారములకు కణముల పాలు 38 అయినది.

ఆ రోజులలోనే స్టాఫ్ రూములో ఒక మిత్రుడు అడిగినాడు: “కుక్క కోసము ఇంత ఖర్చా? ఆ డబ్బుతో ఒక పేదపిల్లవాడికి ఏడాది ఫీజు కట్టవచ్చునే!” ఆయన హేళనగా అనలేదు. కోపగించుకొనుట దీనికి జవాబు కాదు. పెండ్లి పందిళ్ళకు, విందులకు వేలకు వేలు పోసేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడుగరే అని ఎదురు ప్రశ్న వేయవచ్చును. అదియు జవాబు కాదు. చాల దినములు ఆలోచించిన తరువాత నాకు తోచినది ఇది: పేదపిల్లవానికి ఇచ్చేది దానము; సరమకు ఇవ్వవలసినది ఋణము. గొలుసు వేసి, గోడలోపల ఉంచి, తన తిండి తాను వెదుకుకొనే స్వేచ్ఛను తీసివేసిననాడే ఆ ఋణము నా నెత్తిన పడినది. జబ్బుపడిననాడు ‘జంతువే గదా’ అని తప్పుకొనుట న్యాయము కాదు. ఋణము తీర్చినవాడు దానము చేయరాదని ఎక్కడను లేదు; చేయవలసినదే. అయితే ఋణమునకు శక్తి అనే హద్దు ఉన్నది. రక్తము ఎక్కించే స్థోమత లేనివాడు దోషి కాడు. అట్టివాడు వైద్యునితో ఆ మాట దాచక చెప్పవలెను; తక్కువ ఖర్చులో చేయదగినదేదో ఆయన చెబుతాడు. ఏమియు చేయలేనివాడు కూడ నీళ్ళగిన్నె దగ్గరకు జరిపి ప్రక్కన కూర్చుండవచ్చును.

ఇక నా తప్పు చెప్పవలెను. మాత్రలను మూడేసి వారములకు నాలుగవ వంతు చొప్పున తగ్గించవలెనని, తాను చెప్పనిదే మానరాదని వైద్యుడు గట్టిగా చెప్పినాడు. అక్టోబరు నాటికి సరమ గేటు దగ్గరకు పరుగెత్తుతున్నది. కాని పొట్ట జారినది, తొడల కండ కరిగినది, వెంట్రుకలు పలుచబడినవి. స్టెరాయిడ్లు చెడ్డవని పదిమందియు అన్నారు. చదువుకొన్నవాడిని, నాకు తెలియదా అనే ధీమాతో నవంబరులో మాత్రలు మానిపించినాను. నోటుపుస్తకమును మూసివేసినాము. డిసెంబరు రెండవ వారములో చిగుళ్ళు మరల తెల్లబడినవి. కణముల పాలు 16. “మానినందువలననే తిరగబెట్టినదని ఒట్టువేసి చెప్పలేను, మాస్టారూ. మానకపోయినా కొన్నింటికి తిరగబెడుతుంది. కాని నన్ను ఒక్కమాట అడిగి ఉండవలసినది” అన్నాడు వైద్యుడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఇంకొక మందు చేర్చినారు. జనవరి చివరకు 27 వరకు వచ్చినది. 2023 ఫిబ్రవరిలో ఒకనాటి తెల్లవారుజామున సరమ పడుకొనలేక, కూర్చుండి మెడ చాచి ఊపిరి పీల్చుతున్నది. ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి ఉండునని వైద్యుడు చెప్పినాడు. రెండు రోజులు ప్రాణవాయువు పెట్టినారు. మూడవనాడు ఆయన కారుణ్యమరణము మాట మెల్లగా ఎత్తినాడు. “పెంచినది చంపుకొనుటకా?” అని నేను కేక వేసినాను. మా యింటావిడ కొంతసేపు ఊరకుండి, “ఏమండీ, మనము ఆపుతున్నది దాని కోసమా, మన కోసమా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు నాలో జవాబు ఉన్నది. పైకి చెప్పుటకు గంట పట్టినది. దాని తల ఆమె ఒడిలో ఉన్నది. సూది ఇచ్చే ముందు పేరు పెట్టి పిలువమని వైద్యుడు అన్నాడు. పిలిచినాము. తోక ఒక్కసారి కదిలినది.

ఈ నిర్ణయమును అంగీకరింపనివారు ఉంటారు. వారి ధర్మచింతనను నేను తక్కువ చేయను. కాని విడిచిపెట్టుట వేరు, విముక్తి కలిగించుట వేరు అని నా నమ్మకము. నయము కాగల జబ్బును ఖర్చుకో, శ్రమకో వెరచి సూదితో ముగించుట విడిచిపెట్టుటయే. ఊపిరి ప్రతిది బాధయై, మరి దారి లేదని తెలిసిన పిదప మన కన్నీళ్ళ కోసము దానిని సాగదీయుట ప్రేమ కాదు. స్వర్గద్వారము దగ్గర కుక్కను విడిచి రమ్మన్నప్పుడు ధర్మరాజు రానన్నాడు. ఆశ్రయించినదానిని ఒంటరిగా విడువననుట ఆయన పట్టుదల. ఆదిపర్వములో ఒక కుక్క అడిగిన ప్రశ్నకు మహాప్రస్థానికపర్వములో ఒక మనుష్యుడు జవాబు చెప్పినట్లు నాకు తోచును.

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు ఒక మనవి. ఇంట కుక్క ఉన్నవారు వారమునకు ఒకసారి దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. చెవులలోను, కాలివ్రేళ్ళ సందులలోను పిడుదులు వెదకండి. చిగుళ్ళు తెల్లబడినా, మూత్రము రంగు మారినా, ‘రేపు చూద్దాము’ అనకండి. ఈ జబ్బులో రేపు చాల దూరము. వైద్యుని అడుగక మందు మొదలు పెట్టవద్దు, మానవద్దు. శ్రద్ధ అనే మాటను మనము బడిలో రోజుకు పదిసార్లు వాడుతాము. మాటలు లేని ప్రాణిని గమనించుటకంటె దానికి మంచి అభ్యాసము లేదు.

మొన్న తరగతిలో ఒక అమ్మాయి లేచి ‘కుక్కచావు’కు అర్థము అడిగినది. “ప్రక్కన ఎవరూ లేని చావు” అని చెప్పినాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “అయితే అందులో కుక్క తప్పేమున్నది, మాస్టారూ?” అన్నది. ఏమియు లేదని చెప్పి పాఠము కొనసాగించినాను.