తాత కాలపు లెక్కతో మనవణ్ణి సైన్యానికి పంపొద్దు

సైన్యంలో చేరాలని తెల్లవారకముందే రోడ్ల మీద పరుగులు తీస్తున్న పిల్లలకు, అప్పు చేసైనా వాళ్లను పంపాలనుకుంటున్న తల్లిదండ్రులకు ఈ విజ్ఞప్తి. వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. దరఖాస్తు పెట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోండి, అంతే.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ అక్కడి కుటుంబాలు సైన్యానికి పిల్లల్ని పంపుతూనే ఉన్నాయి. అలాంటి ఊళ్లలో పెరిగిన పెద్దలకు సిపాయి ఉద్యోగమంటే పదిహేనేళ్ల సర్వీసు, ఆపైన జీవితాంతం పింఛను, క్యాంటీన్ కార్డు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించడంతో ఆ లెక్క మారిపోయింది. ఈ పథకం కింద చేరే అగ్నివీరుడి సర్వీసు నాలుగేళ్లు. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. గడువు ముగిశాక గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. మిగిలినవాళ్లు ఇంటికి వస్తారు.

జీతం సంగతి చూడండి. మొదటి ఏడాది నెలకు రూ. 30,000 అంటారు. అందులో 30 శాతం సేవా నిధి అనే పొదుపుకు పోతుంది కాబట్టి చేతికి వచ్చేది రూ. 21,000. రెండో ఏడాది రూ. 23,100, మూడో ఏడాది రూ. 25,550, నాలుగో ఏడాది రూ. 28,000 చేతికి అందుతాయి. కరువు భత్యం, మిలటరీ సర్వీస్ పే రావు. కష్టమైన చోట పోస్టింగ్ పడితే దానికి తగిన అలవెన్సు ఉంటుంది. నాలుగేళ్లలో జీతం నుంచి సేవా నిధికి కోసింది రూ. 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్లు ముగిశాక వడ్డీతో సహా సుమారు రూ. 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేకుండా ఇస్తారు. మధ్యలో తనంతట తాను మానేసినా, రెగ్యులర్‌గా ఎంపికైనా తన వాటా, దానిమీద వడ్డీ మాత్రమే వస్తాయి.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ రూ. 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. దానికి జీతంలోంచి పైసా కట్టనక్కర్లేదు. విధి నిర్వహణలో ప్రాణం పోతే మరో రూ. 44 లక్షల ఎక్స్‌గ్రేషియా కుటుంబానికి దక్కుతుంది. 2025 మేలో జమ్మూకశ్మీర్ సరిహద్దులో అమరుడైన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ మురళీనాయక్ అగ్నివీరుడే. సర్వీసు నాలుగేళ్లే కావచ్చు, ప్రమాదం మాత్రం పూర్తి సైనికుడిదే. పిల్లవాడికీ తల్లికీ ఇది ముందే తెలిసి ఉండాలి.

ఇక దళారుల మాట. ఐదు లక్షలిస్తే పోస్టు ఖాయమనేవాడు మీ గడప తొక్కాడనుకుందాం. ఆ సొమ్ము రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటే నెలకు పదివేలు వడ్డీ. మొదటి ఏడాది చేతికొచ్చే జీతంలో దాదాపు సగం దానికే పోతుంది. నాలుగేళ్ల వడ్డీ రూ. 4.80 లక్షలు. అంటే కుర్రాడు చలిలో, మంచులో కూడబెట్టిన తన వాటా దాదాపు అంతా వడ్డీవ్యాపారి పెట్టెలోకి చేరుతుంది, అసలు అలాగే నిలిచి ఉంటుంది. అదీ ఉద్యోగం వస్తే! రాత పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది, పరుగు అందరి కళ్లెదుట జరుగుతుంది, ఆరోగ్య పరీక్ష చేసేది సైనిక వైద్యులు. ఇందులో దళారి చేయగలిగింది ఏమీ లేదు. సొంతంగా కష్టపడి నెగ్గినవాడి డబ్బు ఉంచుకుంటాడు, ఓడినవాడికి ముఖం చాటేస్తాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇచ్చినవి వెనక్కి తెచ్చుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి.

శిక్షణ అకాడమీలో ఫీజు కట్టేముందు మరో పని చేయండి. పిల్లవాణ్ణి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి పాదాలు చదునుగా ఉన్నాయా, నిలబడితే మోకాళ్లు తగులుకుంటున్నాయా, రంగులు సరిగ్గా పోల్చుకోగలడా, చెవులు, పళ్లు ఎలా ఉన్నాయి అని చూపించండి. ఏడాదిపాటు పరుగులు తీసి, చివరికి మెడికల్‌లో అన్‌ఫిట్ అయి కుమిలిపోయే పిల్లలు ప్రతి రిక్రూట్‌మెంట్ ర్యాలీలో కనిపిస్తారు. పచ్చబొట్టు సరదా ఉంటే వాయిదా వేయించండి. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనక తప్ప మరెక్కడా ఒప్పుకోరు.

అర్హతలు కష్టమైనవేమీ కావు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు కావాలి. మన రాష్ట్రాల అబ్బాయిలకు ఎత్తు 166 సెం.మీ. ఉండాలి. అవివాహితులే అర్హులు, నాలుగేళ్లూ పెళ్లి మాట తలపెట్టకూడదు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెడితే 60 మార్కులు, పది పుల్అప్స్ తీస్తే 40 మార్కులు. 2023 నుంచి రాత పరీక్షే ముందు కాబట్టి పుస్తకం పక్కనపెట్టి గ్రౌండ్‌కే అంకితమైతే ర్యాలీ దాకా చేరరు. ఆడపిల్లలకు మిలటరీ పోలీస్ విభాగంలో అవకాశం ఉంది. వయసు లెక్కకు ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఇచ్చిన పుట్టినతేదీలే ప్రమాణం. సందేహం ఉంటే గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాల్లో అడగండి. అడిగినందుకు రూపాయి తీసుకోరు.

మాజీ సైనికులకు ప్రత్యేకంగా ఒక మనవి. నోటిఫికేషన్ రాగానే మీ ఊరి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ బడి దగ్గర కూర్చోబెట్టి, అది మొదటి పేరా నుంచి చివరిదాకా చదివి వినిపించండి. మీ కాలం లెక్క వేరు, వీళ్ల లెక్క వేరని మీరు చెబితే నమ్ముతారు. అకాడమీల నిర్వాహకులారా, ఎంపికైనవారి ఫొటోల పక్కనే నాలుగేళ్ల నిబంధన కూడా ఫ్లెక్సీ మీద వేయండి. తల్లిదండ్రులారా, సేవా నిధి చేతికొచ్చిన రోజున కుర్రాడు ఏం చేస్తాడో చేరకముందే మాట్లాడుకోండి. డిగ్రీ చదువా, కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో అగ్నివీరులకు ప్రకటించిన కోటానా, సొంత వ్యాపారమా అన్నది ఇప్పుడే అనుకుంటే, ఇరవై రెండేళ్లకో, ఇరవై ఐదేళ్లకో ఇంటికొచ్చిన కొడుకును ఎవరూ ఖాళీగా వచ్చాడనరు.