బొమ్మ ఎవడడిగాడు, లెక్క చెప్పమంటే?

మనవాళ్ళకి (నన్నూ కలుపుకునే అంటున్నా) చేతికో కెమెరా ఇస్తే మొట్టమొదట చేసే పని, వీడియో మొత్తం క్లౌడ్‌కి పంపే ఏర్పాటు. అసలు మనకి కావాల్సిందేంటో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తాం. ఇది టెక్నికల్‌గా తప్పు. ఇంకో రకంగానూ తప్పు, అది చివర్లో చెప్తా.

మల్టీటచ్ అనగానే అందరికీ 2007 నాటి ఐఫోన్ గుర్తొస్తుంది. అది అక్కడే పుట్టిందని ఇంటర్వ్యూల్లో ధీమాగా చెప్పినవాళ్ళని చూశాను. కానీ 1982లోనే టొరంటో యూనివర్సిటీలో నిమిష్ మెహతా అనే విద్యార్థి ఒక మసక గాజు వెనక కెమెరా పెట్టి, వేళ్ళు ఆనిన చోట నల్లమచ్చలు కనపడేలా చేశాడు. అంటే వేళ్ళని కెమెరాతో పట్టుకోవటం పాత విద్యే.

నాకు బాగా నచ్చింది మాత్రం 2005లో న్యూయార్క్ యూనివర్సిటీలో జెఫ్ హాన్ చేసింది. ఒక యాక్రిలిక్ షీటు అంచుల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల వెలుగు లోపలికి పంపాడు. ఇంటర్లో చదువుకున్నాం కదండీ, సంపూర్ణాంతర పరావర్తనం (బట్టీ కొట్టి ఎంసెట్ అవగానే మర్చిపోయాం), దానివల్ల వెలుగు షీటులోనే అటూఇటూ కొట్టుకుంటూ బయటికి రాదు. వేలు ఆనిస్తే ఆ చోట మాత్రం చెదిరి వెనక ఉన్న కెమెరాలో పడుతుంది. కెమెరాకి కనిపించేది చీకట్లో నాలుగు తెల్లచుక్కలు, అంతే. ఇక ప్రోగ్రాము చెయ్యాల్సింది ఆ చుక్కలు లెక్కపెట్టుకోవటం. కష్టమైన పనంతా వెలుగే చేసిపెట్టింది.

అదే మనమైతే? మామూలు వెలుతుర్లో మామూలు వీడియో తీస్తాం, వేలెక్కడుందో కనుక్కోటానికో పెద్ద మోడలు, దానికో జీపీయూ, ఆ బిల్లు ఎందుకింతొచ్చిందో ఆరా తియ్యటానికో మీటింగు.

ఇంకోటి చూడండి. 2006లో నింటెండో ‘వీ’ గేమ్ మెషీను వచ్చింది. దాని రిమోటు ముందుభాగంలో ఓ చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. ఆ కెమెరా బొమ్మ పంపదు! చిప్పులోనే చుక్కలు వెతుక్కుని, నాలుగింటి దాకా ఎక్కడున్నాయో, ఎంత సైజో చెప్తుంది. నాలుగింటికీ కలిపి 12 బైట్లు, సెకనుకి 100 సార్లు. సెకనుకి 1200 బైట్లన్నమాట. అదే 640×480 బ్లాక్ అండ్ వైట్ వీడియో సెకనుకి 30 ఫ్రేములు పంపాలంటే 92 లక్షల బైట్లు. కంప్రెస్ చేస్తే తగ్గుతుందిలెండి, కానీ ఎంత తగ్గినా ఆ దగ్గరికి రాదు. 2007లో కార్నెగీ మెలన్ విద్యార్థి జానీ లీ ఈ నలభై డాలర్ల రిమోటుతోనే ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు చేసి చూపించాడు. అదే యూనివర్సిటీలో అంతకు కొన్నేళ్ళ ముందు సీఎంయూక్యామ్ అని చేశారు. దాని మైక్రోకంట్రోలరులో ఉన్న ర్యామ్ 136 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఒక్క ఫ్రేము కూడా అందులో పట్టదు కాబట్టి, పిక్సెళ్ళు వస్తుండగానే లెక్క చేసుకుని పారేసేది. రంగు వస్తువు ఎక్కడుందో చెప్పేది.

"అవన్నీ బొమ్మలాటలు గురూ, ముఖాలు గుర్తుపట్టాలంటే అలా కుదరదు" అంటారు. నిజమే, కుదరదు. కానీ మనకొచ్చే ప్రాజెక్టుల్లో ఎన్నిటికి ముఖం కావాలి?

మా ఆఫీసు సంగతి చెప్తా. క్యాంటీన్లో లంచ్ క్యూ ఎంత పొడుగుందో ఫోన్లో చూపించే యాప్. కావాల్సింది ఒక్క అంకె. పైనుంచి కిందికి చూసే చవక సెన్సరొకటి పెట్టి తలలు అక్కడికక్కడే లెక్కపెడితే చాలు. మేమేమో కెమెరా గోడకి బిగించి వీడియో క్లౌడ్‌కెక్కించాం. రివ్యూలో ఆర్కిటెక్టు, "స్టోరేజీ చీపే కదా, ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాడు. తలూపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పనికొచ్చింది. ఆర్నెల్ల తర్వాత హెచ్చార్ నుంచి మెయిలొచ్చింది, ఫలానా వారం రికార్డింగు కావాలని. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే కుర్రాడు భోజనానికి ఎంతసేపు తీసుకుంటున్నాడో చూడాలట. కాంట్రాక్టు మనిషి, పెద్దగా అడిగేవాళ్ళు లేరు. తర్వాతి నెల నుంచీ కనపడలేదు. మేం రాసిన కోడ్‌లో బగ్గేమీ లేదు, క్యూ లెక్క ఇప్పటికీ కరెక్టుగానే వస్తోంది. మేం దాచకపోతే వాళ్ళు అడగటానికి ఏమీ ఉండేది కాదు, అంతే తేడా. ప్రైవసీ పాలసీలూ, పర్మిషన్లూ అంటూ తర్వాత ఎన్ని తాళాలు వేసినా, తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది కదా. చిప్పు పారేసిన ఫ్రేముని ఏ హెచ్చారూ అడగలేదు.

ఇప్పుడు మా టీముకే స్కూలు బస్సుల ప్రాజెక్టొకటి వస్తోంది. ఎంతమంది పిల్లలెక్కారో, ఎంతమంది దిగారో తేలాలి. డిజైన్ డాక్యుమెంటు తెరిచి చూశా. మొదటి బాక్సు అప్పుడే గీసేశారు, వీడియో స్టోరేజీ. రివ్యూ గురువారం, నన్నూ పిలిచారు.