టక్కా, టకటకా?

కారు మొరాయించిన రోజున మనలో చాలామంది చేసే పని ఒకటే. తాళంచెవి తిప్పిందే తిప్పటం, ఆపైన మెకానిక్కుకు కబురు పెట్టటం. అతగాడు బానెట్టు ఎత్తి, పెదవి విరిచి, “బ్యాటరీ పోయిందండీ” అంటే, అడిగినంతా చేతిలో పెట్టటం. ఇంత తతంగంలోనూ కారు తన బాధ తాను చెప్పుకుంటూనే ఉంటుంది. వినే నాథుడు ఉండడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులుకు ఇంజన్ల గొడవ ఎందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. కాని ఇది ముందు శబ్దానికి సంబంధించిన వ్యవహారం. మన భాషలో ‘టక్’ వేరు, ‘టకటక’ వేరు. ఒక మాట రెండుసార్లు వస్తే, ఆ రెండోదానికి ఆమ్రేడితమని వ్యాకరణం పేరు కూడా పెట్టింది. కారు దగ్గర ఈ భేదం వేల రూపాయల భేదం.

చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు సామాన్యంగా ఇంజన్ను మనిషే హ్యాండిల్ పెట్టి తిప్పవలసి వచ్చేది. అది ఎదురుతన్ని చేతులు విరిగినవారు కద్దు. ఆ పని ఇప్పుడొక చిన్న మోటారుది. మన మెకానిక్కులు దాన్నే ‘సెల్ఫు’ అంటారు. ఇంజన్ను కదిలించటానికి అది నూరు ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. తాళంచెవి దగ్గరి స్విచ్చి అంత కరెంటు మోయలేదు. అందుకని మధ్యలో సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఉంటుంది. తాళం తిప్పగానే అది కదిలి, బ్యాటరీకీ మోటారుకూ లంకె వేస్తుంది. ఆ లంకె పడిన చప్పుడే ‘టక్’.

నీరసించిన బ్యాటరీకి సోలినాయిడ్‌ను కదిలించే ఓపిక ఉంటుంది గాని మోటారును తిప్పే బలం ఉండదు. లంకె పడగానే వోల్టేజి కూలుతుంది, పట్టు వదులుతుంది. వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అదే ‘టకటకటక’. ఒక్క ‘టక్’తో ఊరుకున్నదా, సోలినాయిడ్ కదిలింది, మోటారు తిరగలేదన్నమాట. అప్పుడు సెల్ఫునూ, సోలినాయిడ్ లోపలి బిళ్లలనూ, వాటికి వెళ్లే లావు తీగలనూ అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే, ఆటోమేటిక్ కారులో గేరు ‘పి’లో ఉన్నదో లేదో మొదట చూసుకోవాలి.

అనుమానం తీరకపోతే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. దీపాలు కొడిగట్టితే చాలావరకు లోపం బ్యాటరీలోనో దాని బిగింపుల్లోనో ఉన్నది. చెక్కుచెదరకుండా వెలిగితే చాలావరకు బ్యాటరీ నిర్దోషి.

మొన్న వేసవిలో మా పక్కింటి బాబాయిగారి కారు తెల్లవారుజామున టకటకలాడింది. పిన్నిగారికి ఆరు గంటలకు డయాలిసిస్. ఆయన చెమటలు కక్కుతూ తాళం తిప్పుతూనే ఉన్నారు. “బాబాయిగారూ, ముందు పిన్నిగారిని ఆటో ఎక్కించండి. కారు జబ్బు తరవాత చూద్దాం” అన్నాను. వారు తిరిగి వచ్చాక బానెట్టు ఎత్తాం. రెండు రోజుల ముందే ఒక షాపువారు కొత్త బ్యాటరీ కొనమన్నారట. ఉన్నదానికి ఏడాది నిండలేదు. చూస్తే టెర్మినల్ చుట్టూ తెల్లగా సున్నంలాంటి పొడి పేరుకుని ఉన్నది. క్లాంపు చేతికి కదులుతున్నది. ముందు మైనస్ తీగ, తరవాత ప్లస్ తీగ ఊడదీశాం. వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, తుడిచి ఆరబెట్టాం. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. అదే బ్యాటరీ మీద ఇంజన్ లేచి కూర్చున్నది.

అన్ని బ్యాటరీలూ ఇలా బతకవు. మన ఎండలకు వాటి ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు మీద 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే చాలావరకు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూగా ఉండాలి. 12 దగ్గరే ఉండిపోతే ఛార్జి చేసే ఆల్టర్నేటర్ పని చేయటం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా కొద్ది రోజుల్లో అదే పాట.

మరో కారు నుంచి కరెంటు అరువు తెచ్చుకునేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. రెండూ 12 వోల్టుల బ్యాటరీలే కావాలి. ఎర్ర తీగను ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, తరవాత మంచిదాని ప్లస్సుకు తగిలించాలి. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్సుకు. రెండో కొసను చచ్చిన బ్యాటరీకి తగిలించవద్దు. దానికి దూరంగా, ఆ కారు ఇంజన్ మీద రంగులేని ఇనుప భాగానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చివరి బిగింపు దగ్గర నిప్పురవ్వ లేస్తే పేలవచ్చు, ఆమ్లం కళ్లలో పడవచ్చు. ఊడదీసేటప్పుడు ఇదంతా వెనకనుంచి ముందుకు. తోసి స్టార్టు చేయటం గేరు కార్లకే, ఆటోమేటిక్కులకు కుదరదు.

ఈ పాటి విద్య ఇంటి యజమానికే కాదు, కారు తాళంచెవి పట్టుకునే కోడలికీ కొడుక్కీ తెలిసి ఉండాలి. మెకానిక్కును పిలవవద్దని కాదు. “కారు స్టార్టు కావటం లేదు” అనటం కంటే, “టకటకమంటున్నది, లైట్లు కొడిగడుతున్నాయి, టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి” అని చెప్పి పిలిస్తే, అతనికి సగం వెతుకులాట తప్పుతుంది, మీకు అక్కరలేని ఖర్చు తప్పుతుంది.