కొన్నది పాత ధరకు.. బాగు చేయించేది కొత్త ధరకు!

ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఓ పసుపు రంగు కారు ముందు కాసేపు ఆగకుండా రారు. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారు. తీరా కారు చేతికొచ్చేలోగానే, 1911లో ఆయన కన్నుమూశారు. వెనక సీటు అచ్చం సింహాసనమే. ఇంతా చేసి ఆ కారు రోడ్డెక్కింది చాలా తక్కువ. తిరిగిన దూరం వందల మైళ్లలోనే ఉంటుంది. నిజాంలకు అది చెల్లింది. ఆ ప్యాలెస్ చుట్టూ గల్లీల్లో ఉండే కుటుంబాలకు చెల్లదుగా! లక్షలు పోసి కొన్న కారు పెళ్లికీ పేరంటానికీ, దుకాణానికీ దవాఖానాకీ రోజూ తిరగాలి.

షాలిబండలో ఓ కుటుంబం ఉందనుకోండి. తండ్రికి పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం. పెద్దబ్బాయి పదేళ్లు జెద్దాలో పనిచేసి తిరిగొచ్చాడు. అక్కడ యజమాని లెక్సస్ నడిపిన చెయ్యి అతనిది. ఇప్పుడు చేతిలో 35 లక్షలున్నాయి. ఏడాది తిరిగేలోగా చెల్లెలి పెళ్లి చేయాలి. ఆ సొమ్ముకు కొత్త మామూలు ఎస్‌యూవీ వస్తుంది. నాలుగైదేళ్లు వాడిన లగ్జరీ క్రాసోవరూ వస్తుంది. ‘ఏక్‌దమ్ టిప్‌టాప్ గాడీ భాయ్‌జాన్, డెబ్బై లక్షల కారు సగం ధరకే’ అంటాడు అమ్మేవాడు. మనసు అటే లాగుతుంది. మరి ఏది దారి?

ఎస్‌యూవీ వేరు.. క్రాసోవర్ వేరు

చూడటానికి రెండూ ఎత్తుగానే ఉంటాయి. ఫార్చ్యూనర్, స్కార్పియో లాంటివాటికి లారీలకున్నట్టు అడుగున ఉక్కు చట్రం ఉంటుంది. దానిమీద బాడీని బిగిస్తారు. క్రాసోవర్ అలా కాదు. చట్రం, బాడీ కలిసి ఒకటే ముక్క. అంటే ఎత్తు పెంచిన కారన్నమాట. అందుకే కుదుపులు తక్కువ, మలుపుల్లో ఊగదు. 1998లో వచ్చిన లెక్సస్ ఆర్ఎక్స్ ఈ లగ్జరీ తరహాకు దారి వేసింది. ఇప్పుడు మన దగ్గర ఈ మధ్యస్థాయిలో వినిపించే పేర్లు ఆడీ క్యూ5, బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ జీఎల్‌సీ, వోల్వో ఎక్స్‌సీ60, లెక్సస్ ఎన్ఎక్స్.

ఒక్క సంగతి మర్చిపోవద్దు. ఇవన్నీ ఐదుగురు కూర్చునే కార్లు. వెనక మధ్యలో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర ఎత్తయిన గట్టు అడ్డొస్తుంది. అమ్మానాన్న, అన్నదమ్ములు, పిల్లలు కలిసి ఏడెనిమిదిమంది కదిలే ఇంట్లో ఈ కారు వచ్చినా ఇంకో బండి బయటికి తీయాల్సిందే.

షోరూంకు టేపు పట్టుకెళ్లండి

ఈ కార్ల పొడవు 4.7 మీటర్లకు అటూఇటూ. వెడల్పు 1.9 మీటర్ల దగ్గర ఉంటుంది. అదీ సైడు అద్దాలు లెక్కేయకుండా. అద్దాలు తెరిస్తే 2.1 మీటర్ల దాకా వస్తుంది. అంటే దాదాపు ఏడడుగులు! మన ఆటో వెడల్పు 1.3 మీటర్లు. రెండూ కలిపితే 11 అడుగుల పైమాటే. పన్నెండు అడుగుల గల్లీలో ఆటో ఎదురొస్తే ఇక మిగిలేది అడుగు కూడా కాదు. అందులోనే ఓ మూల కరెంటు స్తంభం, ఇంకో మూల అరుగు, మధ్యలో స్కూటరు!

అందుకే టెస్ట్‌డ్రైవ్ అంటే బంజారాహిల్స్ రోడ్డు మీద ఓ చుట్టు చుట్టి రావడం కాదు. కారును మీ గల్లీకే తెమ్మనండి. అదీ సాయంత్రం రద్దీ వేళ. ఇంటి గేటులోంచి లోపలికి పోతుందా, గేటు దాటాక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, నానమ్మ సాయం లేకుండా ఎక్కగలదా అన్నీ చూడండి. రివర్స్ కెమెరా, చుట్టూ చూపించే 360 డిగ్రీల కెమెరా మిగతా ఊళ్లో సోకు కావచ్చు. ఇక్కడ మాత్రం అవసరం.

ఆటో తగిలి అద్దం విరిగిందనుకోండి. మామూలు కారుకైతే అద్దం మార్చి ఊరుకుంటాం. ఈ కార్లలో ఆ అద్దంలోనే కెమెరా, మోటారు, పక్క బండిని పసిగట్టి హెచ్చరించే దీపం ఉంటాయి. బంపర్లలో సెన్సర్లుంటాయి. రోజూ గీతలు పడే చోట ఉండేవాళ్లు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

కొత్తదైతే..

షోరూం ధర 70 లక్షలు అనుకుందాం. తెలంగాణలో ఈ స్థాయి కారుకు జీవితకాల పన్ను దాదాపు ఐదోవంతు. అంటే 14 లక్షల దగ్గర పన్నుకే పోతుంది. పది లక్షలు దాటిన కారు కాబట్టి ఒక శాతం, అంటే 70 వేలు ఆదాయపన్ను కింద ముందే వసూలు చేస్తారు. ఇది మాత్రం రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. బీమా కలిస్తే 85 లక్షలు దాటి బయటికొస్తుంది కారు.

ఈమధ్య ఒక మేలూ జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది. లెక్క కడితే షోరూం ధరలో నూటికి ఆరేడు రూపాయలు తగ్గినట్టు. ఇది పాత కారు కొనేవాళ్లకూ పనికొచ్చే సంగతే. కొత్తదాని ధర దిగితే పాతదాని ధరా దిగాలి. అమ్మేవాడు ‘అప్పట్లో ఇంత పెట్టి కొన్నా’ అంటే వినొద్దు. ‘ఇవాళ కొత్తది ఎంత’ అన్నదగ్గరే బేరం మొదలుపెట్టాలి.

పాతదైతే..

బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి ఓ పట్టిక వాడతాయి. దాని ప్రకారం ఏడాది నిండేలోగా 15 శాతం, రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు 50 శాతం తగ్గిస్తారు. 70 లక్షల కారు ఐదో ఏట 35 లక్షలు. పైగా మొదటి యజమాని కట్టిన జీవితకాల పన్ను కారుతోపాటే వస్తుంది. ఈ రాష్ట్రంలో రిజిస్టరైన కారైతే మళ్లీ కట్టక్కర్లేదు. ఇది నిజంగా లాభమే.

కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ పట్టిక కారు ధరను తగ్గిస్తుంది. హెడ్‌లైట్ ధరను తగ్గించదు! గేర్‌బాక్సు, ఎయిర్ సస్పెన్షన్, ఏసీ కంప్రెసర్ కంపెనీ కౌంటర్లో కొత్త ధరకే దొరుకుతాయి. 35 లక్షలకు కొన్నా మీరు పోషించాల్సింది 70 లక్షల కారునే. గ్యారంటీ గడువు సాధారణంగా అప్పటికే తీరిపోయి ఉంటుంది, పెద్ద రిపేర్లు మొదలయ్యేదీ సుమారు ఆ ఐదో ఏటి నుంచే. మొదటి యజమాని అప్పుడే ఎందుకు అమ్ముతున్నాడో ఒక్క క్షణం ఆలోచించండి.

పెట్రోలా, డీజిలా అన్నదీ ముఖ్యమే. డీజిల్ కారు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి వేడెక్కి కొంతసేపు వేగంగా పోతేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. షాలిబండ నుంచి పత్తర్‌గట్టీకి రోజూ రెండు కిలోమీటర్లు పాక్కుంటూ పోయే కారులో అది పూడుకుపోతుంది. వారానికోసారైనా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే పని లేకపోతే డీజిల్ జోలికి పోకపోవడమే నయం. ఆడీ అయితే 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో డీజిల్ కార్లే మానేసింది. ఇక పెట్రోలు కారు 2023 ఏప్రిల్‌కు ముందుదైతే, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది తగినదేనా అని మాన్యువల్లో చూసుకోవాలి.

2020 అక్టోబర్ గుర్తుందా?

పాతబస్తీ మర్చిపోలేని నెల అది. 13, 14 తేదీల్లో కుండపోత. 17న మళ్లీ వాన. పల్లె చెరువు, గుర్రం చెరువు గట్లు తెగి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ప్రాంతాలు నీట మునిగాయి. ఇళ్లలో మనుషులు పోయారు. వీధుల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం ఊరంతా చూసింది. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి. వరద వచ్చిన ప్రతిసారీ మునిగిన కార్లు ఆరతాయి, కడుగుతారు, మెరుగు పెడతారు. ఎక్కడో ఓచోట అమ్మకానికొస్తాయి. మన ఊరివే కానక్కర్లేదు. చెన్నైవీ కావచ్చు, ముంబైవీ కావచ్చు.

లగ్జరీ కారుకు నీళ్లు మరీ ప్రమాదం. కంప్యూటర్ డబ్బాలు, వైర్ల జోళ్లు సీట్ల కింద, డిక్కీ అడుగున, అంటే నీళ్లు ముందు చేరే చోటే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్‌ను పేల్చే యూనిట్ సాధారణంగా ముందు సీట్ల మధ్య గట్టు కింద ఉంటుంది. తుప్పు ఇవాళ కనిపించదు. ఏడాది తర్వాత ఒక్కో దీపం వెలుగుతుంది, ఒక్కో బటన్ పనిచేయడం మానేస్తుంది.

అందుకని కొనేముందు ఇవి చూడండి:

* సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో మట్టి చార ఉంటే నీళ్లు అంత ఎత్తుకు వచ్చినట్టే.
* కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. సన్నటి ఒండ్రు తగిలినా, సీటు పట్టాలకు తుప్పున్నా వదిలేయండి.
* డిక్కీలో స్టెప్నీ గుంత, హెడ్‌లైట్ లోపలి చెమ్మ చూడండి.
* అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోండి. ముక్క వాసన వచ్చినా, అత్తరు ఘాటుగా కొట్టినా అనుమానించాల్సిందే.
* టైరు మీది నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 20 వేల కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు నాలుగూ కొత్త టైర్లుంటే మీటరు మాట నమ్మొద్దు.

ఒక రోజు అద్దెకు తెచ్చుకున్న స్కానర్‌తో కాక, కంపెనీ సర్వీస్ సెంటర్లో డబ్బు కట్టి పూర్తి పరీక్ష చేయించాలి. ఛాసిస్ నంబరు మీద పాత సర్వీసు చరిత్ర అడిగి తీసుకోవాలి. అమ్మేవాడు ‘టైం లేదు, ఇంకో పార్టీ వస్తోంది’ అంటే ఆ ఇంకో పార్టీకే ఇచ్చేయమనండి.

కాగితం అబద్ధమాడదు

అమ్మేవాడి బీమా పాలసీ ఒకసారి చూడండి. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్లకు బోనస్ 20 నుంచి మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. నాలుగేళ్ల కారుకు ఆ బోనస్ సున్నా అయితే ఏదో జరిగింది. ఏమిటో అడగాలి. ఆ బోనస్ అమ్మేవాడిదే, మీకు రాదు. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు అభ్యంతరం లేదన్న పత్రం, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 తప్పనిసరి. అక్కడితో అవదు, ఇక్కడ వయసును బట్టి జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి లగ్జరీ కార్లు చవగ్గా దొరుకుతాయి. ఈ పన్ను కలిపి చూస్తే ఆ చవక చాలావరకు ఆవిరైపోతుంది. పెండింగ్ చలాన్లూ చూసుకోండి.

బీమా మీ పేరున మారాక ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు తీసుకోండి. మామూలు సమగ్ర పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే సాధారణంగా భరించదు. కాబట్టి నీళ్లలో ఆగితే తాళం జోలికి పోకుండా తోసుకురావడమే.

ఇంతకీ ఆ 35 లక్షలు?

షాలిబండ అబ్బాయి దగ్గరకొద్దాం. 35 లక్షలూ కారుకే పోస్తే మొదటి పెద్ద రిపేరు చెల్లెలి పెళ్లి సొమ్ములోంచే తీయాలి. ముందు పెళ్లి డబ్బు పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లో కారు ధరలో కనీసం పదోవంతు రిపేర్ల కోసం వేరే ఖాతాలో వేయాలి. అలా వేశాక కూడా కంపెనీ గ్యారంటీ ఇంకా మిగిలి ఉన్న, సర్వీసు చరిత్ర ఉన్న, ఈ రాష్ట్రంలోనే రిజిస్టరైన పెట్రోలు క్రాసోవర్ అందితే నిశ్చింతగా కొనొచ్చు. ఆ హాయి, ఆ భద్రత ఆ ధరకు కొత్త కారులో దొరకవు. పదోవంతు పక్కన పెట్టే వీలు లేదంటే ఆ కారు ఇంకా మన అందుబాటులోకి రానట్టే.

అప్పుడు కొత్త మామూలు ఎస్‌యూవీ కొనుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదు. అది పాడైతే షాలిబండ చౌరస్తాలో ఉస్తాద్ బాగుచేస్తాడు. విడిభాగం సాయంత్రానికి దొరుకుతుంది. పెళ్లికొచ్చిన చుట్టాల్లో ఏడుగురిని స్టేషన్ నుంచి ఇంటికి ఒకేసారి తీసుకొస్తుంది కూడా!