తాళంచెవి చిన్నవాడి చేతిలో

పిల్లవాడు కంప్యూటర్‌లో పాఠం టైపు చేస్తుంటాడు. పక్కనే ప్రింటర్ నుంచి కాగితాలు వస్తుంటాయి, స్పీకర్లలో ఏదో ప్రసంగం వినిపిస్తుంటుంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతున్నాయని మనం భావిస్తాం. నిజానికి ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ సాధారణంగా ఒక క్షణంలో ఒక్క ప్రోగ్రామ్ పనే చూస్తుంది. కొన్ని మిల్లీసెకన్లు గడిచాక దాన్ని ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తుంచుకుని, మరో ప్రోగ్రామ్‌ను అందుకుంటుంది. కోర్‌లు పెరిగినా ప్రోగ్రాములు వాటికంటే ఎక్కువే కనుక వంతులు తప్పవు. ఆ వంతులు నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్.

అత్యవసరమైన పనికి ముందు వంతు ఇస్తే చాలు కదా అనిపిస్తుంది. అంగారక గ్రహంపై అది చాలలేదు.

1997 జులై 4న నాసా వారి పాత్‌ఫైండర్ నౌక అక్కడ దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటర్ తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవసాగింది. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది.

కారణం విచిత్రమైనది. ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రికి బీరువాలోని కాగితం వెంటనే కావాలి. తాళంచెవి చిన్నవాడి జేబులో ఉంది. వాణ్ని పెద్దన్న తన పని మీద దుకాణానికి పంపాడు. పెద్దన్న పని తండ్రి పని కంటే ముఖ్యమైనదేమీ కాదు, అయినా ఆగిపోయింది తండ్రి పనే! నౌకలోనూ ఇదే జరిగింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న ప్రోగ్రామ్, ఉమ్మడిగా వాడుకునే ఒక వనరుకు తాళం వేసుకుంది. చాలా ముఖ్యమైన ఒక ప్రోగ్రామ్ ఆ వనరు కోసమే నిరీక్షిస్తోంది. ఇంతలో మధ్యస్థాయి ప్రోగ్రాములు చిన్నదాని వంతు లాగేసుకున్నాయి. ముఖ్యమైన పని సకాలంలో పూర్తి కాకపోవడం గమనించిన కాపలా ఏర్పాటు, ఏదో పెద్ద లోపమే జరిగిందనుకుని కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టేది.

ఈ లోపం ప్రయోగానికి ముందే పరీక్షల్లో తలెత్తింది. అయితే వెదకబోయినప్పుడు తిరిగి కనిపించలేదు. ఇలాంటి తప్పులతో చిక్కే అది. వంతులు ఒకానొక వరుసలో పడితేనే అవి బయటపడతాయి.

ఇంజనీర్లు భూమి మీద ఉన్న నమూనా యంత్రంలో ఆ స్థితిని మళ్ళీ కల్పించి కారణం పట్టుకున్నారు. తాళం ఎవరి దగ్గరుంటే వారికి, దాని కోసం నిరీక్షిస్తున్న వారి ప్రాధాన్యమే తాత్కాలికంగా దక్కాలి. ఆ సదుపాయం నౌకలోని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందే ఉంది, వాడుకలో పెట్టలేదంతే! రేడియో సంకేతాలతో చిన్న మార్పు పంపి దాన్ని పనిలోకి దించారు. నెల రోజులు పనిచేస్తే చాలనుకున్న ఆ నౌక సెప్టెంబరు 27 వరకు సమాచారం పంపింది.